యూనివర్సిటీ ప్లాన్ వదిలేసి 38 వేల పాలసీ తీసుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు ఎట్లా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. మీది పరకాల దగ్గర, నాన్న వ్యవసాయం. ఆగస్టులో ఎమ్మెస్‌కి టెక్సాస్ వెళ్తున్నావు. యూనివర్సిటీ వాళ్లు హెల్త్ ప్లాన్‌కి ఏడాదికి దాదాపు 3 వేల డాలర్లు ఫీజులోనే కలిపి చూపిస్తున్నారు. హన్మకొండలో నీ ఫైల్ చూస్తున్న కన్సల్టెన్సీ అతను "అది దండగ, మా దగ్గర 38 వేల రూపాయలకే పాలసీ ఉంది, వేవర్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. వేవర్ అంటే వేరే పాలసీ చూపించి యూనివర్సిటీ ప్లాన్ నుంచి తీసుకునే మినహాయింపు. నీకు చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇన్‌హేలర్ వాడతావు. చదువుకు ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నారు. పనిలో పనిగా జగిత్యాలలో ఉన్న మీ బావ దుబాయ్ పోతున్నాడు, ఆయనకు ఏ ఇన్సూరెన్స్ కావాలి అని కూడా అడిగావు.

నీ వరకైతే యూనివర్సిటీ ప్లానే తీసుకో. ఆస్తమా ఉంది కాబట్టి ఇందులో నాకు రెండో మాట లేదు. 3 వేల డాలర్లంటే రెండున్నర లక్షల పైనే, ఎనుమాముల మార్కెట్లో ఎన్ని బస్తాల మిర్చి అమ్మితే అంత డబ్బు చేతికొస్తుందో నాకు తెలుసు, మాదీ అట్లాంటి ఇల్లే. అయినా ఇదే చెప్తున్నాను. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఈ ఇన్సూరెన్స్ నిర్ణయం ఇప్పుడొక్కసారి తీసుకుంటే అయిపోయేది కాదు, వచ్చే ఐదారేళ్లలో నాలుగైదుసార్లు మళ్లీ నీ ముందుకు వస్తుంది.

నేను 2016 నుంచి 2022 దాకా న్యూజెర్సీలో ఒక ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసులో పనిచేశాను, మా ఆయన ఉద్యోగ వీసా వల్ల నాకొచ్చిన హెచ్4 మీద వర్క్ పర్మిట్ వచ్చాక. ఇప్పుడు హన్మకొండలోనే ఉంటున్నాను. పేషెంట్ డిశ్చార్జ్ అయి ఇంటికి పోయాక మొదలయ్యే పని మాది: ఇన్సూరెన్స్ కంపెనీకి బిల్లు పంపాలి, వాళ్లు కొట్టేస్తే కారణం వెతికి మళ్లీ పంపాలి, చివరికి మిగిలింది పేషెంట్ అడ్రసుకు కవర్లో పంపాలి. ఆ కవర్ తెరిచి కంగారుగా ఫోన్ చేసేవాళ్లలో మన పిల్లలు కూడా ఉండేవాళ్లు. అందరూ మొదట అనే మాట ఒక్కటే, "నాకు ఇన్సూరెన్స్ ఉంది కదా!" నిజమే, ఉండేది. నా టేబుల్ మీదికి వచ్చిన వాటిలో అసలు పాలసీ లేని కేసులకంటే పాలసీ ఉండి ఆ రోజుకు అది పనికిరాని కేసులే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. అక్కడ పాలసీ అనేది మనిషిని పట్టుకుని ఉండదు, ఆ మనిషి ఆ రోజు ఎవరు అన్నదాన్ని పట్టుకుని ఉంటుంది. స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్లు ఒకటి, చదువైపోయి ఓపీటీలో (స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే గడువులో) ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఇంకొకటి, కంపెనీలో చేరాక వేరొకటి, ఉద్యోగం పోయిన మర్నాడు మళ్లీ వేరు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారే ఆ కొద్ది రోజుల్లోనే జనం దెబ్బతింటారు.

ముందు ఆ 38 వేల పాలసీ సంగతి. కన్సల్టెన్సీ అతను మోసం చేస్తున్నాడని నేను అనను, అది నిజమైన పాలసీయే అయి ఉంటుంది, మన దేశంలో పేరున్న కంపెనీలు స్టూడెంట్ ట్రావెల్ పాలసీలు అమ్ముతాయి. వాటిలో మంచివి కూడా కొన్ని ఉంటాయి: పాస్‌పోర్ట్ పోతే, బ్యాగు పోతే, నువ్వు ఆస్పత్రిలో పడితే అమ్మో నాన్నో రావడానికి టికెట్, ఫీజు కట్టేవాళ్లకు ఏమన్నా అయితే చదువు ఆగకుండా కొంత సొమ్ము. ఇవి అమెరికా ప్లాన్లలో మామూలుగా దొరకవు. కానీ అసలు జబ్బు విషయానికి వచ్చేసరికి దాని లెక్క వేరు. పైన పెద్ద అక్షరాలతో 2 లక్షల 50 వేల డాలర్లు అని ఉంటుంది, లోపల రూమ్‌కు రోజుకు ఇంతే, సర్జన్‌కు ఇంతే, స్కానింగ్‌కు ఇంతే అని విడివిడి పరిమితులు ఉండొచ్చు. ముందు నుంచీ ఉన్న జబ్బుల దగ్గర "ప్రాణాపాయం అయితేనే" అనో, లేకపోతే అసలే లేదనో రాసి ఉంటుంది. మానసిక సమస్యలకు డాక్టర్ దగ్గరికి పోవడం చాలావాటిలో ఉండదు, ఉన్నా నామమాత్రం. ఇది చిన్న విషయం అనుకోకు. ఒంటరిగా, చలిలో, అప్పు గుర్తొచ్చి నిద్రపట్టని పిల్లలను నేను దగ్గరగా చూశాను, వాళ్లకు అవసరమైన మొదటి సాయం అదే.

నీ ఆస్తమా సంగతి ఇక్కడే తేలిపోతుంది. అమెరికాలో ఒబామా టైంలో వచ్చిన చట్టం కిందికి వచ్చే హెల్త్ ప్లాన్లలో ముందు నుంచీ ఉన్న జబ్బు అని చెప్పి క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. ఎక్కువ యూనివర్సిటీల ప్లాన్లు ఆ చట్టానికి తగ్గట్టే ఉంటాయి. ఇక్కడ కొన్న ట్రావెల్ పాలసీకి ఆ చట్టం వర్తించదు. రాత్రి ఊపిరాడక ఎమర్జెన్సీకి పోతే, రేపొద్దున క్లెయిమ్ చూసేవాడు మొదట అడిగేది "ఇది ఎప్పటి నుంచి ఉంది?" అనే. నువ్వు అబద్ధం చెప్పలేవు, చెప్పకూడదు కూడా, డాక్టర్ నోట్‌లో నీ మాటే రాసి ఉంటుంది.

మన దగ్గర సర్కారు ఆస్పత్రి ఎంజీఎంకు పోతే డబ్బు మాట లేకుండా చూస్తారు, ప్రైవేటుకు పోతే ముందు అడ్వాన్స్ కట్టమంటారు, ఆరోగ్యశ్రీ ఉంటే కార్డు చూపిస్తాం. అమెరికాలో ఇవేవీ కాదు. ఎమర్జెన్సీకి పోతే డబ్బున్నా లేకపోయినా ముందు పరీక్షించి పరిస్థితి కుదుటపడేదాకా వైద్యం చేయాలని అక్కడ చట్టమే ఉంది. కాబట్టి భయపడి ఆస్పత్రికి పోకుండా మాత్రం ఉండొద్దు, ఎప్పుడూ! బిల్లు తర్వాత వస్తుంది, అదీ ఒకటి కాదు: ఆస్పత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టర్‌ది ఒకటి, ఎక్స్‌రే చదివిన డాక్టర్‌ది ఒకటి, ల్యాబ్‌ది ఒకటి, అంబులెన్స్‌ది ఇంకొకటి. నెట్‌వర్క్ అంటే నీ ప్లాన్‌తో ముందే ఒప్పందం ఉన్న ఆస్పత్రులు, డాక్టర్లు; వీళ్లందరూ నీ ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉండాలని లేదు. 2022 జనవరి నుంచి అక్కడ ఒక మంచి చట్టం వచ్చింది, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టర్ చూసినా నీ దగ్గర నెట్‌వర్క్ లెక్కనే తీసుకోవాలి, ఎక్కువ అడగకూడదు. కానీ రోడ్డు అంబులెన్స్‌కు అది వర్తించదు, ట్రావెల్ పాలసీలకూ వర్తించదు. ఈ ఒక్క తేడాకే చాలాసార్లు ఆ 3 వేల డాలర్లు గిట్టుబాటవుతాయి.

ప్లాన్ కాగితంలో నాలుగు మాటలు అర్థమైతే మిగతాది దానంతట అదే తెలుస్తుంది. డిడక్టిబుల్ అంటే ఏడాదిలో మొదట నీ జేబులోంచి పోవాల్సింది. కో-పే అంటే డాక్టర్ దగ్గరికి పోయిన ప్రతిసారీ ఇచ్చే 20, 30 డాలర్ల లాంటి చిన్న మొత్తం. కో-ఇన్సూరెన్స్ అంటే డిడక్టిబుల్ అయిపోయాక మిగిలిన బిల్లులో నీ వాటా. ఔట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ అంటే ఏడాది మొత్తంలో నీ దగ్గర ఇంతకు మించి తీసుకోరు అనే గీత. ఉదాహరణకు డిడక్టిబుల్ 500, కో-ఇన్సూరెన్స్ 20 శాతం, పై గీత 5 వేలు అనుకో. 20 వేల డాలర్ల బిల్లు వచ్చిందంటే నువ్వు 500 కట్టి, మిగిలిన 19,500లో 20 శాతం అంటే 3,900 కడతావు, మొత్తం 4,400. అదే 80 వేల బిల్లు వస్తే 20 శాతం లెక్కన 16 వేలు దాటాలి, కానీ 5 వేల దగ్గర ఆగిపోతుంది. నన్నడిగితే ప్లాన్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సిన అంకె ఆ పై గీతే. ట్రావెల్ పాలసీల్లో గీత రెండో వైపు ఉంటుంది, కంపెనీ ఇంతవరకే ఇస్తుంది, ఆపైన ఎంతైనా నీదే. నెట్‌వర్క్ బయటికి పోతే ఈ లెక్కలన్నీ మారిపోతాయి కాబట్టి మామూలు జ్వరానికి, దగ్గుకు ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు పో. అది మూసి ఉంటే చిన్నపాటి అత్యవసరాలు చూసే క్లినిక్, అర్జెంట్ కేర్‌కు. ఊపిరాడకపోతే, ఛాతీలో నొప్పి వస్తే, స్పృహ తప్పితే మాత్రం ఆలోచించకుండా ఎమర్జెన్సీకే పోవాలి.

ఇక వేవర్. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు ఇంత ఇన్సూరెన్స్ ఉండాలని అమెరికా ప్రభుత్వం రూల్ పెట్టలేదు, యూనివర్సిటీ ఏం చెప్తే అదే. జె1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద పోయేవాళ్లకు మాత్రం ప్రభుత్వమే హద్దులు పెట్టింది, ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్లు, చనిపోతే మృతదేహం పంపడానికి 25 వేలు, వైద్యం కోసం తరలించడానికి 50 వేలు, డిడక్టిబుల్ 500 దాటకూడదు. నీది ఎఫ్1 కాబట్టి మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వేవర్‌కు ఏమేం ఉండాలో లిస్టు ఉంటుంది, అది నువ్వే తెరిచి చూడు, కన్సల్టెన్సీ నోటి మాట కాదు. అసలు వేవర్ ఇస్తారా, అమెరికా చట్టానికి తగ్గ ప్లాన్ అయి ఉండాలని రాశారా, గడువు ఎప్పుడు? సాధారణంగా సెమిస్టర్ మొదలైన కొద్ది వారాల్లోనే గడువు ముగుస్తుంది. అప్పటికి నువ్వు రూమ్ వెతుక్కుంటూ, బ్యాంక్ అకౌంట్ తెరుస్తూ, సరిగ్గా నిద్ర కూడా లేకుండా ఉంటావు. వేవర్ తిరస్కరిస్తే యూనివర్సిటీ ప్లాన్ డబ్బులూ కట్టాలి, ఆ 38 వేలూ పోయినట్టే. ఇక్కడ కొన్న పాలసీకి 30 రోజుల ఫ్రీలుక్ (నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు) ఉంటుంది కదా అనొచ్చు, దాని మీద ఆధారపడకు, ప్రయాణం మొదలయ్యాక ట్రావెల్ పాలసీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

మీ యూనివర్సిటీ లిస్టుకు నిజంగా సరిపోయే చవక ప్లాన్ అమెరికాలోనే దొరికి, దానిలో ముందున్న జబ్బులకు కవర్ ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. ఆస్తమా లేని, ఏ మందూ వాడని మీ ఫ్రెండ్‌కైతే నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు.

యూనివర్సిటీ ప్లాన్ ఏ తారీఖు నుంచి మొదలవుతుందో చూడు. ఆగస్టు 15 అని ఉండి, నువ్వు శంషాబాద్‌లో విమానం ఎక్కేది ఆగస్టు 4 అయితే ఆ పదకొండు రోజులు ఖాళీ. ఆ ఖాళీకి మాత్రం ఇక్కడి ట్రావెల్ పాలసీ చక్కగా పనికొస్తుంది, ఒక నెలకు తీసుకో. ఇన్‌హేలర్లు మూడు నెలలకు సరిపడా డాక్టర్ చీటీతో సహా హ్యాండ్ బ్యాగులో పెట్టుకో, చీటీలో మందు జెనరిక్ పేరు స్పష్టంగా రాయించు. పళ్లు చూపించుకుని వెళ్లు, దంతాలూ కళ్లూ చాలా ప్లాన్లలో ఉండవు, రూట్ కెనాల్ ఏదైనా ఉంటే హన్మకొండలోనే కానిచ్చెయ్. టెక్సాస్‌లో 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థులకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి, నీ వయసు చూసుకో.

ఇప్పుడు అసలైన ప్రమాదం గురించి. మా అక్క కొడుకు 2021 మే నెలలో చదువు పూర్తిచేశాడు. స్కూల్ ప్లాన్ జూలై 31తో అయిపోయింది. ఉద్యోగం వచ్చింది, సెప్టెంబర్‌లో చేరాలి. మధ్యలో నెల రోజులే కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు, నాతో కూడా చెప్పలేదు. ఆగస్టు మూడో వారంలో అపెండిక్స్ పగిలింది. ఐదు కవర్లు వచ్చాయి, అన్నీ కలిపి 41 వేల డాలర్లు! మా అక్క ఇక్కడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను చేసింది ఇది: మొదట ప్రతి వస్తువూ విడిగా రాసిన బిల్లు అడిగాను, అందులో రెండుసార్లు వేసినవి తీయించాను. తర్వాత ఆస్పత్రి ఆర్థిక సాయం దరఖాస్తు పెట్టించాను. అక్కడ లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఇట్లాంటి సాయం పథకం రాతపూర్వకంగా ఉండాలని ఫెడరల్ చట్టం ఉంది, కానీ అడిగితేనే కాగితం ఇస్తారు. ఆదాయం లేదని చూపించాక ఆస్పత్రి వాటా చాలావరకు మాఫీ అయింది. సర్జన్, మత్తు డాక్టర్ బిల్లులు వేరే గ్రూపులవి, వాళ్లు తగ్గించింది కొంచెమే. చివరికి 9 వేల డాలర్ల దాకా రెండేళ్లు వాయిదాల్లో కట్టాడు.

వాడు ఏం చేసి ఉంటే బాగుండేదంటే, స్కూల్ ప్లాన్ పోతే, ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్ అంటే అక్కడి మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోవడానికి 60 రోజుల ప్రత్యేక సమయం ఉంటుంది. ఎఫ్1లో చట్టబద్ధంగా ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. పాత ప్లాన్ అయిపోకముందే జూలైలో ఎంచుకుని ఉంటే ఆగస్టు 1 నుంచి ఖాళీ లేకుండా మొదలయ్యేది. సబ్సిడీ మీద ఆశ పెట్టుకోకుండా పూర్తి ధరకే లెక్కేసుకోవాలి, అయినా ఒకటి రెండు నెలల ప్రీమియం ఎంతవుతుంది చెప్పు! కొన్ని యూనివర్సిటీలు చదువైపోయాక కూడా కొన్ని నెలలు అదే ప్లాన్ కొనసాగించుకోనిస్తాయి, చివరి సెమిస్టర్‌లోనే అడిగి పెట్టుకో. ఉద్యోగం వస్తే ఆఫర్ లెటర్‌లో జీతం ఒక్కటే చూడకు, ఇన్సూరెన్స్ చేరిన రోజు నుంచా, తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచా, 60 రోజుల తర్వాతా అని హెచ్ఆర్‌ను అడుగు. చిన్న కన్సల్టింగ్ కంపెనీల్లో ప్రాజెక్ట్ వచ్చేదాకా ఇన్సూరెన్స్ ఇవ్వనివాళ్లు ఉంటారు, అది ముందే తెలిసి ఉండాలి.

హెచ్1బి (ఉద్యోగ వీసా) దాకా వచ్చాక ఉద్యోగం పోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. 2019 అక్టోబర్‌లో మా ఆయనను కంపెనీ తీసేసింది. వీసాకు 60 రోజుల గడువు, అదొక టెన్షన్. నా ఉద్యోగం పార్ట్‌టైమ్, నాకు ఇన్సూరెన్స్ లేదు. కోబ్రా అని ఒక పద్ధతి ఉంది, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ అయితే పాత ప్లాన్‌నే మామూలుగా 18 నెలల దాకా మన డబ్బుతో కొనసాగించుకోవచ్చు. కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి పూర్తి ప్రీమియంలో 102 శాతం దాకా అవుతుంది. మాకు నెలకు 1,900 డాలర్లు చెప్పారు. జీతం లేని ఇంట్లో అంత కట్టలేం. అయితే కోబ్రా తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి 60 రోజుల సమయం ఇస్తారు, ఎప్పుడు తీసుకున్నా ప్లాన్ ఆగిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ఇది నాకు ఉద్యోగం వల్ల తెలుసు కాబట్టి ఆగాం. నలభయ్యో రోజున మా పాప పార్కులో పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రాత్రే ఫారం నింపి, వెనకటి నెలలతో కలిపి ప్రీమియం కట్టాం. ఆపరేషన్ బిల్లు పాత ప్లాన్ మీదే పోయింది. ఆ కవర్, ఫారం, ఏ రోజు పోస్ట్ చేశామో దాని రశీదు, అన్నీ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. గడువు ఒక్కరోజు దాటినా ఈ దారి మూసుకుపోతుంది, అది గుర్తుపెట్టుకో.

అమ్మానాన్నలను తీసుకెళ్లే రోజు వస్తుంది కదా, అప్పటికి ఒక మాట. విజిటర్ పాలసీలు రెండు రకాలు: ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే గీత గీసినవి చవగ్గా ఉంటాయి, డిడక్టిబుల్ పోను బిల్లులో ఎక్కువ భాగం భరించేవి ఖరీదు. నాన్నకు బీపీ, షుగర్ ఉంటే రెండో రకమే చూడాలి, అందులోనూ ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదిరితే ఏం చేస్తారో రాసిన చోటు చదవాలి. మందులు మాత్రం ఇక్కడి నుంచే ఉన్నన్ని రోజులకు సరిపడా తీసుకురమ్మను, అక్కడికొచ్చాక ఒక్కరోజు కూడా ఆపనియ్యకు.

వేరే దేశాలకు పోయేవాళ్ల సంగతి కొద్దిగా చెప్తాను, మా చుట్టాల పిల్లల కాగితాలు చూసి తెలుసుకున్నది. ఇంగ్లండ్‌కు వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జ్ కట్టించుకుంటారు, 2024 ఫిబ్రవరి నుంచి స్టూడెంట్లకు ఏడాదికి 776 పౌండ్లు, ఉద్యోగం మీద పోయేవాళ్లలో ఎక్కువమందికి 1,035. ఏడాది కోర్సుకు పదహారు నెలల వీసా వస్తే 1,164 అవుతుంది. అది కట్టాక వాళ్ల ప్రభుత్వ వైద్యం దొరుకుతుంది, వేరే హెల్త్ పాలసీ అవసరం లేదు, దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ (మామూలు జబ్బులు చూసే డాక్టర్) దగ్గర పేరు రాయించుకోవాలి. జర్మనీలో 30 ఏళ్ల లోపు స్టూడెంట్లకు ప్రభుత్వ బీమా నెలకు 150 యూరోలు అటూ ఇటుగా పడుతుంది. ప్రైవేటు చవకని దాని నుంచి మినహాయింపు రాయించుకుంటే చదువు అయిపోయేదాకా మళ్లీ ప్రభుత్వ బీమాలోకి రానివ్వరు, సంతకం పెట్టేముందు పదిసార్లు ఆలోచించాలి. ఆస్ట్రేలియాకు వీసా ఎన్నాళ్లో అన్నాళ్లకూ ఓఎస్‌హెచ్‌సీ అనే స్టూడెంట్ హెల్త్ బీమా ముందే కొనాలి. కెనడాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ బీమాకు మూడు నెలల దాకా ఆగాలి, ఒంటారియోలో యూనివర్సిటీల బీమా వేరే ఉంది.

లోన్ గురించి నువ్వు అడగలేదు, కానీ నేను చెప్పకుండా ఉండలేను. ఇల్లు తాకట్టులో ఉంది. నీకు ఏదన్నా అయితే, ఆ మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది, బ్యాంకు అప్పు నాన్న మీద అట్లనే ఉంటుంది. హెల్త్ ప్లాన్ దానికి పనికిరాదు. లోన్ మొత్తానికి సరిపడా నీ పేరు మీద టర్మ్ పాలసీ (చనిపోతే ఇంటివాళ్లకు సొమ్ము ఇచ్చే జీవిత బీమా) వెళ్లేముందే తీసుకో, మెడికల్ టెస్టులు ఇక్కడే అయిపోతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. స్టూడెంట్‌వి, ఇంకా సంపాదన లేదు కాబట్టి కొన్ని కంపెనీలు తక్కువ మొత్తమే ఇస్తాయి, రెండు మూడు చోట్ల అడుగు. బ్యాంకు తన లోన్ పాలసీ అంటగట్టి ప్రీమియం కూడా లోన్‌లోనే కలుపుతానంటే, అదే తీసుకోవాలన్న నిబంధన ఏమీ లేదు, పక్కన పెట్టి పోల్చు. ఫారంలో ఆస్తమా రాయి, అమెరికా వెళ్తున్నట్టు రాయి. మూడేళ్లు దాటాక జీవిత బీమా పాలసీని తప్పుబట్టే వీలు కంపెనీకి లేకుండా చట్టంలో సెక్షన్ 45 ఉంది, ఆ మూడేళ్లూ నిలబడేది నువ్వు రాసిన నిజం మీదే. అలాగే యూనివర్సిటీ ప్లాన్‌లో మృతదేహాన్ని ఇండియాకు పంపే ఖర్చు ఉందో లేదో చూడు. లేకపోతే అది మాత్రమే విడిగా తక్కువ ధరకు దొరుకుతుంది. మన పిల్లలు పోయినప్పుడు స్నేహితులు చందాలు పోగుచేయడం ఎన్నిసార్లో చూశాం, ఆ ఇంటివాళ్లు ఆ పరిస్థితిలో చెయ్యి చాచాల్సి రాకూడదు.

ఇక మీ బావ. పాస్‌పోర్ట్ ఈసీఆర్ రకమైతే (పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం), అంటే పదో తరగతి పాసైనట్టు లేకపోతే, ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను ఏమన్నా ఉంటే అదనం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగుడైనా 10 లక్షలు ఇస్తారు. ఇంత తక్కువ డబ్బుకు ఇది మంచి పథకం, కాకపోతే ఏజెంట్ ఫైల్లో పెట్టుకుని ఇంట్లో ఎవరికీ చూపించకపోతే అది ఉన్నట్టు కూడా తెలియదు. కాపీ మీ అక్క దగ్గర ఉండాలి, గడువు తీరకముందే రెన్యువల్ చేయించాలి. ఒకటి స్పష్టంగా తెలుసుకోండి, ఆ 10 లక్షలు ప్రమాదానికే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇళ్లకు వచ్చే కబుర్లలో "రాత్రి పడుకున్నవాడు లేవలేదు" అనేది ఎంత తరచుగా వింటామో నీకూ తెలుసు. గుండెపోటు ప్రమాదం కిందికి రాదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది, అది ఆసరాయే కానీ ఇద్దరు పిల్లలున్న ఇంటికి చాలదు. బావ పేరు మీద కూడా మామూలు టర్మ్ పాలసీ, గల్ఫ్‌లో ఏ పని చేయబోతున్నాడో ఉన్నదున్నట్టు రాసి తీసుకోండి.

దుబాయ్‌లో పనివాళ్లకు హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాల్సింది కంపెనీయే, 2013 చట్టం ప్రకారం. 2025 జనవరి నుంచి, అప్పటిదాకా ఈ రూల్ లేని ఎమిరేట్లకు కూడా తప్పనిసరి చేశారు. దాని ఖర్చు జీతంలో కోస్తామంటే ఒప్పుకోవద్దు. దుబాయ్ బేసిక్ ప్లాన్‌కు ఏడాదికి లక్షా 50 వేల దిర్హమ్‌ల పరిమితి ఉంటుంది. కానీ ఇదంతా వర్క్ వీసా ఉన్నవాళ్లకే. "ముందు విజిట్ వీసా మీద రా, అక్కడ మారుస్తాం" అని ఏజెంట్ అంటే ఆ మాటతోనే ఈ హక్కులన్నీ పోయినట్టు, ఆజాద్ వీసా అయినా అంతే, కాగితం మీది యజమాని ఒకడు, పని చేయించుకునేవాడు ఇంకొకడు. ఈ ఒక్క విషయంలో బావ చేత గట్టిగా మాట తీసుకో. నిజంగా ఆపద వస్తే ఎంబసీలో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంటుంది, మృతదేహం పంపడానికి కూడా అందులోంచి సాయం చేస్తారు.

పేర్లు కూడా ఒకసారి కలిపి చూడండి. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, బ్యాంకులో ఇంకో రకం ఉంటుంది. నామినీగా రాసిన మీ అక్క పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్టే పాలసీలో ఉండాలి, పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఉంటే బావ విమానం ఎక్కేలోపే సరిచేయించండి.

నువ్వు ఈ రాత్రే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఆఫీసుకు మెయిల్ రాయి: ప్లాన్ ఏ తారీఖున మొదలై ఏ తారీఖున ముగుస్తుంది, ఏడాదికి పై గీత ఎంత, ఇన్‌హేలర్‌కు నేను ఎంత కట్టాలి, చదువైపోయాక కొనసాగించుకోవచ్చా. జవాబు వచ్చాక ఆ బ్రోచర్, కన్సల్టెన్సీ పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ రెండూ పంపు, ఎక్స్‌క్లూజన్ల (దేనికి డబ్బు రాదో రాసిన) పేజీలు నేను కూర్చుని చదివి చెప్తాను. ఆదివారం సాయంత్రం అయితే నాకు తీరిక.